కౌలాలంపూర్‌లో మౌనవ్రతం

మే 4, ఆదివారం

పెయింట్ల కంపెనీవాళ్ళు కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఇన్నాళ్ళకి పనికొచ్చింది. ఇవాళ ఒక తీర్మానం చేసుకున్నాను!

భోజనాలయ్యాక మా అమ్మాయి సింధూరి బాల్కనీలో నిలబడి ఫ్రెండుతో ఫోన్లో మాట్లాడుతోంది. పదో తరగతి పాసైంది. జూన్‌లో వైజాగ్‌లో హాస్టల్లో పడేస్తున్నాం. ఆలోపు నలుగురం కలిసి మలేషియా వెళ్ళొద్దామని అనుకున్నాం. ఆ సంబరమే చెబుతోందనుకుని చెవి ఒగ్గాను.

"ట్రిప్పేటే బాబూ! ఇక్కడ మా నాన్న చెప్పే క్లాసే అక్కడ ఫారిన్‌లో చెప్తాడు. అంతే తేడా!"

కలుక్కుమంది.

నేను చంద్రమౌళిని. విజయనగరం గంటస్తంభం దగ్గర హార్డ్‌వేర్ షాపు. ఏ గోడకి ఏ రంగు, ఏ తలుపుకి ఏ గడియ అని పొద్దస్తమానం సలహాలు చెప్పే నోరు ఇది. షాపుకి జనం సగం సలహా కోసమే వస్తారు. ఇంట్లో మాత్రం ఉచితంగా ఇచ్చినా పుచ్చుకునేవాడు లేడు.

అందుకే తీర్మానం. ఈ ట్రిప్ అయ్యేదాకా పిల్లలకి సలహా ఇవ్వను. జాగ్రత్త చెప్పను. "నేను ముందే చెప్పానా లేదా" అన్న మాట అసలే అనను. ప్లానంతా వాళ్ళదే, వెనక నడవడమే నా పని.

మా ఆవిడ అర్చనకి చెప్పాను. నవ్వి నవ్వి పొలమారింది.

"మీరా? నోరు మూసుకుంటారా? సూస్తాను గదా!"

చూడనీ!

మే 7, బుధవారం

అద్భుతం! మౌనంలో ఇంత హాయి ఉందని ఎవరూ చెప్పలేదేం?

పిల్లలిద్దరూ హాల్లో కూర్చుని ప్లాను వేశారు. మావాడు కళ్యాణ్ తొమ్మిదిలోకి వచ్చాడు. వాడు కోరినవి: రోలర్ కోస్టరు, నూడుల్సు, మళ్ళీ రోలర్ కోస్టరు. సింధూరి ఫోన్లోనే హోటలు గదులు చూసింది. ఎక్కడో ఆకాశంలో ఉన్న అంతస్తు, పైన ఈతకొలను. లిఫ్టు ఆగిపోతే మెట్లు ఎటున్నాయని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. పైగా "బాగుందమ్మా" అన్నాను.

సింధూరి వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూసింది.

"నాన్నా, ఒంట్లో బాగానే ఉన్నాదా?"

నెలల తర్వాత తనంతట తాను అడిగిన మొదటి ప్రశ్న! మామూలుగా నేనేం అడిగినా "ఊఁ" అనడమే దాని జవాబు.

మే 12, సోమవారం

చిన్న చిక్కు. చెప్పాల్సిన మాటలు గొంతులో పేరుకుపోయి దగ్గు వస్తోంది. కళ్యాణ్ మేడ మెట్లమీద ఫోను చూస్తూ దిగుతుంటే దగ్గాను. వాడు ఠక్కున ఫోను జేబులో పెట్టుకున్నాడు!

దగ్గితే సలహా ఇచ్చినట్టు కాదు. ఆరోగ్య సమస్య.

సాయంత్రానికి పిల్లలు భాష కనిపెట్టేశారు. "ఒక దగ్గయితే జాగ్రత్త, రెండు దగ్గులయితే వద్దు" అని కళ్యాణ్ వాళ్ళమ్మకి అర్థం చెబుతున్నాడు. అర్చన కరక్కాయ ముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది.

మే 17, శనివారం

రేపే ప్రయాణం. పెట్టెలు సర్దుడు. మా నాన్న కాశీవిశ్వనాథంగారు షాపు చూసుకుంటానని ధైర్యం చెప్పి, కుర్చీ లాక్కుని మా మధ్యలో కూర్చున్నారు.

"ఒరే మౌళీ, కొత్త దేశం. ఒకరి సెయ్యి ఒకరు వదలకండి. హోటలు పేరు కాగితం మీద రాసి జేబులో ఎట్టుకో. ఇంటన్నావా?"

వింటున్నాను నాన్నా, చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. పెద్దాయన నోరు ఊరుకోదు, పాపం. వయసు! నాకు నలభై ఆరు వచ్చినా ఇంకా జేబులో కాగితమట. కాగితం పెట్టుకోలేదు.

మే 19, సోమవారం, కౌలాలంపూర్

వచ్చేశాం! వైజాగ్‌లో విమానం ఎక్కి, ఒక కునుకు తీసి లేచేసరికి మలేషియా. మనూరి నుంచి హైదరాబాదు పోవడమే దూరం.

రోడ్లు అద్దాల్లా ఉన్నాయి. మన మే నెల ఎండ లేదు. మధ్యాహ్నం టంచనుగా వాన, గంటలో తెరిపి. సింధూరి ఎయిర్‌పోర్టులోనే ఇక్కడి సిమ్ము తీసుకుంది. మిగతా ముగ్గురం దాని ఇంటర్నెట్టుకి వేలాడుతున్నాం. రైలు ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ దిగాలో అన్నీ అదే చెబుతోంది. బాతు వెనక పిల్లల్లా మేం వెనకాల.

సాయంత్రం టీ తాగాం. కొట్టువాడు ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి బారెడు ఎత్తునుంచి పోశాడు. ఒక్క చుక్క కింద పడలేదు. కళ్యాణ్ రెండు గ్లాసులు పుచ్చుకుని తానూ ప్రయత్నించాడు. చొక్కా నిండా టీ. నేను నవ్వాను, అంతే. ఒక్క ముక్క అనలేదు. భేష్ చంద్రమౌళీ!

మే 20, మంగళవారం

కొన్ని నిబంధనలు స్పష్టం చేసుకోవడం మంచిది. ప్రశ్న అడగడం సలహా కాదు. "గొడుగు తెచ్చావా?" అన్నాననుకోండి, అది సమాచార సేకరణ. బోర్డులు పైకి చదవడం కూడా సలహా కాదు. "తడి నేల, జారును" అని చదివాను. అక్కడ రాసి ఉంది, నేనేం చెయ్యను?

"లిఫ్టులో దురియన్ పండు తేరాదు" అన్న బోర్డు కూడా చదివాను. ఆ పండు వాసనకి ఇక్కడివాళ్ళే భయపడతారట. కళ్యాణ్ వెంటనే అది తింటానని పట్టుబట్టాడు. తిన్నాడు. మొహం చూడాలి! "ముందే..." అనబోయి అక్కడే ఆపేశాను. సగం మాట లెక్కలోకి రాదు.

సింధూరి ఒక పెద్ద కొట్టులో స్టీలు రెయిలింగు చూపించి, "నాన్నా, ఇది మన షాపులో దొరుకుద్దా?" అంది. దొరకదని చెప్పి, దాని మందం, అతుకులు, పాలిష్ గురించి వివరించాను. శ్రద్ధగా విన్నది. మౌనం ఫలిస్తోంది!

మే 21, బుధవారం

అయిపోయింది.

బాటూ కేవ్స్ అనే గుహల గుడికి వెళ్ళాం. కొండ ముందు బంగారు రంగులో మురుగన్ విగ్రహం, అదే మన సుబ్రహ్మణ్యస్వామి, పక్కన రంగురంగుల మెట్లు, మెట్లనిండా కోతులు. "కోతులున్నాయి" అన్న బోర్డు పైకి చదివాను. కళ్యాణ్ చేతిలో చిప్సు ప్యాకెట్టు. రెండు దగ్గులు దగ్గాను. వాడు వినలేదు. అక్కనే వీడియో తియ్యమని, ప్యాకెట్టు ఎత్తి పట్టుకుని ఫోజు పెట్టాడు. కోతి ఎగిరింది. వీడు వెనక్కి పడ్డాడు. మోకాలు చీరుకుపోయి రక్తం.

నా గుండె ఆగింది. తర్వాత నోరు ఆగలేదు.

"నేను ముందే చెప్పానా లేదా!" అని మొదలుపెట్టాను. ఇన్నాళ్ళు దాచినవన్నీ వరసగా వచ్చేశాయి. మెట్లమీద ఫోను, చొక్కామీద టీ, దురియన్, ఆఖరికి లెక్కల్లో వచ్చిన మార్కులు. పక్కనుంచి పోతున్న ఎవరో తెలుగువాళ్ళు కూడా ఆగి విన్నారు. చివరికి సింధూరి మీద పడ్డాను.

"తమ్ముణ్ణే చూసుకోలేనిదానివి, రేపు హాస్టల్లో నిన్ను నువ్వేం చూసుకుంటావే?"

సింధూరి తమ్ముడి పక్కన కూర్చుంది. బ్యాగులోంచి దూది తీసి తమ్ముడి మోకాలు తుడిచింది, ప్లాస్టరు వేసింది, వాణ్ణి లేపి చెయ్యి పట్టుకుని దిగిపోయింది. దూది తెచ్చిందని నాకు తెలియనే తెలియదు.

"అంత మాట ఎందుకన్నారండీ పిల్లని?" అంది అర్చన.

ఎందుకన్నానో!

మే 22, గురువారం

ఈ రోజు జరిగింది వరసగా రాయాలి. కాఫీ తాగి రాస్తున్నాను.

పొద్దున్నుంచి సింధూరి నాతో "ఊఁ" కూడా అనలేదు. ట్విన్ టవర్సు, అదే జంట గోపురాలు, చూడ్డానికి స్టేషనుకి వెళ్ళాం. రైలు వచ్చింది. సీట్లు పట్టుకుందామని, అదొక్కటైనా తండ్రిగా చేద్దామని ముందుకి ఉరికాను.

"నాన్నా ఆగు! ఇది మనది కాదు!"

తలుపులు మూసుకున్నాయి. అద్దంలోంచి మావాళ్ళ ముగ్గురి మొహాలూ వెనక్కి జారిపోయాయి.

తర్వాతి స్టేషనులో దిగి, వెనక్కి వెళ్ళే రైలనుకుని ఇంకోటి ఎక్కాను. అది ఇంకెటో తీసుకుపోయింది. నా ఫోనులో ఇంటర్నెట్టు లేదు, మన సిమ్ములేవీ ఇక్కడ పలకవు. సింధూరి కొత్త నంబరు తెలియదు. హోటలు పేరు... ఏదో గార్డెనో, గ్రాండో. జేబులో కాగితం లేదు. ఒక బెంచీమీద కూలబడి తల పట్టుకున్నాను.

"సింహాద్రప్పన్నా! నువ్వే దిక్కు తండ్రీ!"

"ఏటి బావూ, మనోడివేనా?"

తల తిప్పాను. పక్కన ఒక ముసలమ్మ, ఒళ్ళో కూరగాయల సంచి. కలా నిజమా అనుకున్నాను. పేరు గున్నమ్మ. పుట్టింది ఇక్కడేనట. వాళ్ళ అమ్మమ్మ నరసన్నపేట దగ్గర పల్లె నుంచి రబ్బరు తోటల్లో పనికి ఓడెక్కి వచ్చిందట.

"మా అమ్మమ్మ కూడా కాలికి ముల్లు గుచ్చుకున్నా అప్పన్ననే పిలిసేది. ఏటయినాది, సెప్పు."

చెప్పాను. ఫోను తీసి నా చేతిలో పెట్టింది. నాకు కంఠతా వచ్చిన నంబరు ఒక్కటే, మా షాపుది.

"హలో! ఏటిరా మౌళీ? తప్పిపోయావా? నువ్వా?" మా నాన్న గొంతు ఆ స్టేషనంతా వినబడింది. "పిల్లలు తప్పిపోతారేమోనని నేను బెంగెట్టుకుంటే నువ్వు తప్పిపోయావేటిరా? ముందే సెప్పానా లేదా? కాగితం ఎట్టుకోమన్నానా లేదా? సెయ్యి వదలొద్దన్నానా లేదా?"

"నాన్నా, షాపులో జనం..."

"ఉన్నార్రా! అందరూ ఇంటన్నారు! ఉన్నకాడే కూకో, కదిలావంటే ఊరుకోను! నేను అమ్మడికి వాట్సాప్ సేత్తాను!"

గున్నమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "మీ అయ్యకి నువ్వంటే ఎంత పేణమో!" అంది.

ఎక్కడున్నానో ఆవిడే మా నాన్నకి చెప్పింది. తన రైలు వచ్చినా ఎక్కలేదు. నా పక్కనే కూర్చుని సంచిలోంచి మాంగోస్టీన్ అనే ఊదారంగు పండ్లు తీసి వలిచి పెట్టింది.

సింధూరి వచ్చింది. పరుగున మెట్లు దిగింది. జుట్టు రేగిపోయి, మొహం ఎర్రబడి, ఒగరుస్తూ.

"ఆగమన్నానా లేదా? చెప్తే వినవా నాన్నా? కొత్త ఊళ్ళో ఏది పడితే అది ఎక్కేస్తావా? నీకేటైనా అయితే మేమేటి చెయ్యాలి? అమ్మ అక్కడ ఏడుస్తన్నాది! ఒక్కరోజు... ఒక్కరోజైనా చెప్పిన మాట వింటావా నువ్వు?"

అని, గబుక్కున నన్ను పట్టుకుని ఏడ్చేసింది.

"ఓలమ్మా, ఈ పిల్లకి నోరు సూడు! నాకే బయమేత్తన్నాది" అంది గున్నమ్మ. మిగిలిన పండ్లు దాని చేతిలో పోసి, తర్వాతి రైలెక్కి వెళ్ళిపోయింది.

తిరుగు రైల్లో సింధూరి నా మణికట్టు వదల్లేదు. కిటికీలోంచి చూస్తూనే మెల్లగా అంది.

"నువ్వు నిన్న అన్నది నిజమే నాన్నా. నాకు భయంగానే ఉన్నాది. హాస్టల్లో ఎవరూ తెలీదు. నేను ఏడిస్తే ఎవరికి తెలుస్తాది? నీకు చెప్తే క్లాసు మొదలెడతావని చెప్పలేదు."

నా నోట్లో షాపుకి షాపు సర్ది ఉంది. ఎలా లేవాలి, ఎవరితో స్నేహం చెయ్యాలి, ఏం తినాలి, అన్నీ. ఏదీ తియ్యలేదు.

"ఎన్నడూ చూడని స్టేషన్లోంచి నాన్నని వెతికి పట్టుకున్నదానివి" అన్నాను. "నిన్న నేనన్నది తప్పు."

అది నా భుజం మీద తల పెట్టింది. తర్వాత అదే మాట్లాడింది. ఫ్రెండ్స్ గురించి, తనకి నచ్చని ఫిజిక్సు గురించి, నచ్చిన ఏదో పాట గురించి. నేను ఊఁ కొడుతూ ఉన్నాను.

మా స్టేషను దాటిపోయింది. ఇద్దరం చూసుకోలేదు!

మే 23, శుక్రవారం

గోపురాలు చూశాం. కింద ఫౌంటెన్ల దగ్గర నలుగురం తడిశాం. అర్చన చీర కుచ్చెళ్ళు ఎత్తి నీళ్ళలో దిగడం పెళ్ళయ్యాక ఇదే చూడటం. కళ్యాణ్ మోకాలు తడుస్తుందని దగ్గాను. "నాన్నా, తెలుగులో చెప్పు" అంది సింధూరి.

చెప్పాను.

మే 26, సోమవారం, విజయనగరం

షాపు తెరిచాను. ఊరంతటికీ తెలిసిపోయింది. గొళ్ళేలు కొనడానికి వచ్చిన కూర్మయ్య, "ఇల్లు గుర్తుందా చంద్రమౌళిగారూ?" అన్నాడు. మా నాన్న గల్లాపెట్టె దగ్గర కూర్చుని కథ మళ్ళీ మొదటి నుంచి చెబుతున్నారు. ప్రతిసారీ నేను ఇంకాస్త దూరం తప్పిపోతున్నాను. ఇవాళ సాయంత్రానికి సింగపూర్ దాటాను.

నేను మాత్రం ముగ్గురికి మలేషియా ప్రయాణం గురించి సలహాలిచ్చాను. వాళ్ళు అడగలేదు.

మే 31, శనివారం

రేపు హాస్టలుకి ప్రయాణం.

పాత తీర్మానం కోతుల పాలైంది. ఇది కొత్తది. వైజాగ్ వెళ్ళే దారిపొడుగునా నోరు మెదపను. గేటు దగ్గర జాగ్రత్తలు చెప్పను. వార్డెన్‌కి సలహాలివ్వను. వారానికి ఒక్కసారే ఫోను, అదీ అది మాట్లాడితే వినడానికి. ఈసారి గట్టిగా...

"నాన్నా!" లోపలి గదిలోంచి సింధూరి. "పెట్టె సర్దానుగానీ, ఏటో మర్చిపోయానేమో అనిపిస్తన్నాది. ఒకసారి వచ్చి చెప్పవా?"

తీర్మానం రేపు పొద్దుట, కారెక్కిన దగ్గర నుంచి.

"వస్తున్నానమ్మా! ముందు ఆ తాళం సంగతి చూడు, చిన్న తాళం వేశావా ఏంటి..."