పౌడరు మెడపట్టీ

మామయ్యగారి పాదాలకు దణ్ణం పెట్టి మీ అల్లుడు రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. మీరూ అత్తయ్యగారూ బాగున్నారని తలుస్తాను.

ఒక శుభవార్త. ఆఫీసుకి రెండు నెలలు జీతం లేని సెలవు పెట్టేశాను. పదకొండేళ్లుగా కాగితాల మీద రబ్బరు ముద్రలు కొట్టీ కొట్టీ విసుగెత్తిపోయింది. ఇక తోలుపనిలోకి దిగుతున్నాను. మీరు నలభై ఏళ్లు చేసిన పనే కాబట్టి మీకంటే సంతోషించేవాళ్లు ఉండరని నా నమ్మకం. వెనక గదిలో పాత మంచం తీసేసి బల్ల వేశాను. సుత్తి, ఆరె, రకరకాల సూదులు కొన్నాను. గుమ్మానికి 'చర్మశిల్పి' అని బోర్డు కూడా రాయించాను.

అప్పుడే ఒక బేరం కుదిరింది. మా వీధి చివర పశువుల డాక్టరమ్మ ఉంది. ఆవిడ కుక్క పేరు పౌడరు. ఒళ్లంతా తెలుపు, మెడ నా తొడంత ఉంటుంది. దానికి నీలంరంగు మెడపట్టీ చేసిపెట్టమంది. నచ్చితే నా పట్టీలు ఆస్పత్రి వరండాలో వేలాడదీసి, వచ్చినవాళ్లందరిచేతా కొనిపిస్తానంది. నచ్చకపోతే మాత్రం, మీ అమ్మాయి మాటల్లోనే చెబుతున్నాను, "ఒకటో తారీకున నోరుమూసుకుని ఆ కుర్చీలోకే పోవాలి." ఆ కుర్చీ తలుచుకుంటేనే నాకు ఒళ్లు జలదరిస్తోంది మామయ్యగారూ. దయచేసి నాలుగు కిటుకులు రాసి పంపండి.

ఇట్లు,
మీ అల్లుడు, చర్మశిల్పి

తా.క. ఆరె అంటే చిల్లులు పొడిచేదే కదా? కొట్టువాడు రెండు రకాలు చూపిస్తే అందంగా ఉన్నది తెచ్చాను.

*

చిరంజీవి అల్లుడుగారికి మీ మామ అనేక ఆశీస్సులు.

ఉత్తరం అందింది. ముందు బోర్డు రాయించి తరవాత పని నేర్చుకోవడం చాలా మంచి పద్ధతి. నలభై ఏళ్లు కొట్టు నడిపినా మా గుమ్మం మీద ఒక్క అక్షరం లేదు. మేం శిల్పులమని మాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే కూలి పెంచేవాళ్లం.

సరే, అడిగారు కాబట్టి చెబుతున్నాను. వీపు తోలు తీసుకోండి. పొట్ట తోలు చవగ్గా వస్తుంది కానీ సాగిపోతుంది. కుక్క మెడ కొలిచి, ఆ కొలతకి రెండు వేళ్లు వదలండి. లేకపోతే దానికి ఊపిరాడదు. బకిల్ దగ్గర నాలుక పట్టేలా కోలగా చిల్లు కొయ్యండి, గుండ్రటి చిల్లు పనికిరాదు. మైనం పట్టించిన దారంతో, రెండు సూదులతో ఎదురెదురుగా కుట్టండి. అప్పుడు ఒక కుట్టు తెగినా రెండోది పట్టుకుని ఉంటుంది. ఇందులో శిల్పం ఏమీ లేదు, ఓపిక ఉంటే చాలు.

ఇట్లు,
మీ మామ

తా.క. ఆరెని అందం చూసి తెచ్చారన్నమాట. మా అమ్మాయిని కూడా అలాగే చేసుకున్నట్టున్నారు. పదును సంగతి ఈపాటికి తెలిసే ఉంటుంది.

*

మామయ్యగారికి నమస్కారాలు.

మీరు చెప్పింది చెప్పినట్టు చేశాను. అయినా రెండు పట్టీలు పోయాయి. మీ మీద నింద వెయ్యడం నా ఉద్దేశం కాదు. కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలి కదా.

నాలుక పట్టేలా చిల్లు కొయ్యమన్నారు. సరేనని టేపు తీసుకుని డాక్టరమ్మ ఇంటికి వెళ్లాను. పౌడరు నాలుక బయటికి లాగి కొలవడానికి నాకు గంట పట్టింది. వెడల్పు రెండున్నర అంగుళాలు. పట్టీ వెడల్పేమో అంగుళమున్నర. రెండున్నర అంగుళాల చిల్లు అందులో ఎలా పడుతుంది? కోసేసరికి పట్టీ రెండు ముక్కలైంది. అసలు మెడకి కట్టే దానిలో కుక్క నాలుక ఎందుకు పెడుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

రెండోదానికి చిల్లు గొడవ పెట్టుకోలేదు, బకిల్ బదులు కొక్కెం వేశాను. మెడ పద్దెనిమిది అంగుళాలు. మీరన్నట్టే రెండు వేళ్లు వదిలాను. నా చూపుడువేలూ మధ్యవేలూ కలిపి ఆరున్నర అంగుళాలు వచ్చాయి. మొత్తం ఇరవై నాలుగున్నర. పౌడరు తల వంచగానే పట్టీ జారి కింద పడింది. కుక్క పక్కింటి గోడ దూకి, ఆరేసిన దుప్పట్లలో పడితే, డాక్టరమ్మ దాని వెనక, నేను డాక్టరమ్మ వెనక పరిగెత్తాం. చివరికి "ఇంకో అవకాశం ఇస్తాను, ఈసారి రంగు కూడా వేసి తీసుకురండి" అంది.

ఇట్లు,
మీ అల్లుడు

తా.క. నాలుక కొలిచినచోట కట్టు కట్టారు. నా చేతికి.

*

చిరంజీవి అల్లుడుగారికి ఆశీస్సులు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని విన్నాం కానీ, నాలుక కొలవబోయి పట్టీ ఊడగొట్టినవాళ్లని మిమ్మల్నే చూస్తున్నాం. అల్లుడుగారూ, బకిల్‌కి మధ్యలో ఒక సన్నటి కడ్డీ ఉంటుంది చూశారా, ముందుకీ వెనక్కీ ఆడేది, దాన్ని నాలుక అంటారు. మీ నడుముకున్న బెల్టులో కూడా ఉంది. పదకొండేళ్లుగా అది పెట్టుకునే ఆఫీసుకి వెళ్లారు.

రెండు వేళ్లు అంటే, పట్టీ కట్టాక దానికీ మెడకీ మధ్య రెండు వేళ్లు పక్కపక్కన దూరాలి. పొడుగు కలిపి కూడమని కాదు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే రకం మీరు. ఇకమీదట ప్రతిదీ విప్పి రాస్తాను.

రింగు: తాడు తగిలించే రింగే ప్రాణం. కొట్లో అయస్కాంతం పెట్టి చూడండి. ఇత్తడికి అంటుకోదు. అంటుకుందంటే లోపల ఇనుము, పైన పూత అన్నమాట. రింగు రెండు కొసలూ కలిసిన చోట సందు కనబడినా తీసుకోవద్దు, గట్టిగా లాగితే తెరుచుకుంటుంది.

రంగు: చేతికి తొడుగు వేసుకుని, పలచగా రెండు పూతలు వెయ్యండి. ఒక రోజంతా ఆరనివ్వండి. తరవాత పొడిగుడ్డతో రుద్దండి, గుడ్డకి మరక అంటడం మానేసేవరకూ. ఆపైన మైనం పట్టించండి.

ఇట్లు,
మీ మామ

తా.క. చేతికి కట్టు కట్టింది పశువుల డాక్టరమ్మేనా? అయితే సరైన చోటికే వెళ్లారు.

*

మామయ్యగారికి నమస్కారాలు.

ఈసారి తప్పు నాది కాదు. కొలత సరిపోయింది, రెండు వేళ్లూ పక్కపక్కన దూరాయి, నాలుక అంటే ఏ నాలుకో కూడా తెలిసింది. రింగు ఇత్తడిదే. రంగు రెండు పూతలు వేసి, రోజంతా ఆరబెట్టి, గుడ్డతో అరగంట రుద్దాను. ఒక్క మరక కనపడితే ఒట్టు! మైనం పట్టించి, కాగితంలో చుట్టి దర్జాగా తీసుకెళ్లాను.

మర్నాడు పొద్దున్న డాక్టరమ్మ కుక్కని మా గుమ్మంలోకి తెచ్చి నిలబెట్టింది. పౌడరు మెడ చుట్టూ, గడ్డం కింద, ఛాతీ దాకా నీలం. ఆస్పత్రికి వచ్చినవాళ్లు అది అంటురోగమనుకుని తమ కుక్కల్ని ఎత్తుకుని పారిపోయారట. "ఇదే ఆఖరు, ఇంకోసారి మాత్రం చూస్తాను, అదీ మీ ఆవిడ మొహం చూసి" అని వెళ్లింది.

ఒకటో తారీకు ఇంకా ఇరవై రోజులుంది. నిన్న మీ అమ్మాయి నా ఆఫీసు చొక్కాలు ఇస్త్రీకి వేసింది. నాకు నిజంగా భయంగా ఉంది మామయ్యగారూ. నవ్వకుండా ఒక దారి చూపించండి.

ఇట్లు,
మీ అల్లుడు

తా.క. రుద్దడానికి తెల్లగుడ్డ దొరక్క నీలం గుడ్డ వాడాను. దానికీ దీనికీ సంబంధం ఉందంటారా?

*

చిరంజీవి అల్లుడుగారికి ఆశీస్సులు.

నీలం రంగుని నీలం గుడ్డతో రుద్దితే మరక కనపడలేదా? మీ కళ్లకి దిష్టి తగలకుండా చూసుకోండి.

నవ్వొద్దన్నారు కాబట్టి నవ్వడం లేదు. దీంతో పాటు ఒక నీలం పట్టీ పంపుతున్నాను, నేను చేసిందే. డాక్టరమ్మకి మీరే చేశారని చెప్పి ఇచ్చెయ్యండి. నేనెవరికీ చెప్పను. మా అమ్మాయి కాపురం ప్రశాంతంగా ఉండడమే నాకు కావలసింది. దీని గురించి మళ్లీ ఉత్తరం రాయక్కర్లేదు.

ఇట్లు,
మీ మామ

తా.క. తెల్లగుడ్డ ఒకటి పార్సిల్లో పెట్టాను. దాన్ని మళ్లీ నీలంలో ముంచకండి.

*

మామయ్యగారికి నమస్కారాలు.

రాయొద్దన్నారు కానీ రాయకుండా ఉండలేకపోతున్నాను. మీ పట్టీ చేతిలోకి తీసుకోగానే ఎంత నున్నగా ఉందో అని కళ్లకద్దుకున్నాను. ఇవ్వబోతూ, మీరు చెప్పిన పద్ధతిలో ఒకసారి చూద్దామని అయస్కాంతం పెట్టాను. టక్కున అంటుకుంది. నా అయస్కాంతం చెడిపోయి ఉంటుందేమో. రింగు కొసల మధ్య గోరు దూరింది. నా గోరు సన్నం అయి ఉంటుంది. కుట్టు ఒక్క దారంతో, మిషన్ మీద వేసినట్టుంది. అంచు కాస్త గీరితే తోలు పొరకింద అట్ట కనపడింది. నలభై ఏళ్ల అనుభవంలో అట్టకి కూడా ఏదో రహస్యం ఉండే ఉంటుంది, అది నాకు తెలీదు.

పెద్దవారు, తప్పు పట్టే తాహతు నాకు లేదు. కానీ ఆ పట్టీ ఇవ్వడానికి మనసొప్పలేదు. తొమ్మిది రోజులు కూర్చుని నాలుగోది నేనే చేశాను. చూడ్డానికి వికారంగా ఉంది, కుట్లు వంకర. డాక్టరమ్మ పౌడరుకి కట్టి పిల్లిని చూపించింది. పౌడరు ఆవిడని వీధి ఆ చివరిదాకా ఈడ్చుకెళ్లింది. పట్టీ ఊడలేదు, రింగు తెరుచుకోలేదు, కుక్క తెల్లగానే ఉంది! మోచేతులు దులుపుకుంటూ "ఇలాంటివి ఆరు, ఒకటో తారీకుకల్లా" అంది. ఒక్కదానికే తొమ్మిది రోజులు పట్టింది. ఉన్నవి ఎనిమిది రోజులు. మీ అమ్మాయి ఇంకా చొక్కాలు మడతపెట్టే ఉంచింది.

మీ పట్టీ తిప్పి పంపుతున్నాను. దాంతో పాటు నాలుగోది కుదురుతుందో లేదోనని ముందు చేసి చూసుకున్న ముక్క కూడా పెట్టాను. తప్పులు చెప్పండి.

ఇట్లు,
మీ అల్లుడు

తా.క. కొట్లో మిమ్మల్ని ఎవరో మోసం చేశారేమో కనుక్కోండి.

*

అల్లుడుగారికి మీ అత్త ఆశీస్సులు.

అవును, అత్తనే. ఇన్నాళ్లూ రాసింది కూడా నేనే. మీ మామయ్యగారికి కళ్లు మసకబారి రెండేళ్లయింది. సూదిలో దారం ఎక్కించలేరు, అక్షరం చదవలేరు, కొట్టుకి తాళం పడింది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నారు. నా రాత మా అమ్మాయికి తెలుసు, దాని నోరు నేను మూయించాను. ఉత్తరాల్లో కిటుకులు ఆయనవి, తిట్లు నావి. ఆయనకి తిట్టడం రాదు. "పాపం, నేర్చుకుంటాడులే" అంటారు. నాకలా అనాలనిపించలేదు.

కానీ ఒకటి చెప్పాలి. రెండేళ్లుగా గోడకేసి చూస్తూ కూర్చున్న మనిషి, మీరు కుక్క నాలుక కొలిచారని నేను చదివితే కళ్లనీళ్లు కారేలా నవ్వారు. ఆ రోజు నుంచి పొద్దున లేస్తూనే "ఉత్తరం వచ్చిందా?" అని అడగడం మొదలెట్టారు. అందుకే నేనూ వెక్కిరింపు ఆపలేదు. ఆ నవ్వు కోసం ఇంకా ఎంతైనా రాసేదాన్ని.

ఆ పట్టీ మాత్రం బజార్లో కొని ఆయనకి తెలీకుండా నేను పంపిందే. నిన్న నేను నీళ్లు పట్టుకొచ్చేలోగా మీ పార్సిల్ ఆయన చేతిలో పడింది. ఆ పట్టీనీ, మీ ముక్కనీ వేళ్లతో తడిమారు. బజారుదాన్ని గుమ్మం అవతలికి విసిరేసి "ఇదెవరు చేశారు?" అని గర్జించారు. తరవాత మీ ముక్క పట్టుకుని, ఒక్కో కుట్టూ లెక్కపెడుతున్నట్టు తడుముతూ చాలాసేపు కూర్చున్నారు. అప్పుడు మీ ఉత్తరం మొత్తం చదివి వినిపించి, నా తప్పు ఒప్పుకున్నాను.

ఆయన లేచి కొట్టు తాళం తీయమన్నారు. పనిముట్లన్నీ తనే గుడ్డలో చుట్టుకున్నారు. ఈ ఉత్తరం మీకు అందిన రోజు సాయంత్రం బండికి మేమిద్దరం దిగుతాం. మంచం వెనక గదిలోనే వెయ్యండి, బల్ల పక్కన. ఆయన వేళ్లతో చూస్తారు, మీరు కళ్లతో చెయ్యండి, నేను సూదుల్లో దారం ఎక్కిస్తాను. మేం దిగాక మిగిలే నాలుగు రోజుల్లో ఆరూ కాకపోతే అప్పుడు ఆ చొక్కాలు వేసుకుందురుగాని.

ఇట్లు,
మీ అత్త

తా.క. మీ కుట్టు గురించి, మీ గురించి ఆయన చెప్పిన పొగడ్తలు ఒక పేజీ ఉంటాయి. అన్నీ రాయమన్నారు. నాకు చెయ్యి నొప్పి పుట్టి రాయలేదు.