కోర్టుకు పోయే పెట్టె

ఖమ్మం, ఆదివారం రాత్రి

ఎవరి మీద కోప్పడాలో తెలియక ఇది రాస్తున్నాను.

మిర్చి ఆరబెట్టే డ్రయ్యర్లలో వేడిని దానంతటదే తగ్గించి పెంచే కంట్రోల్ పెట్టె తమ పేటెంటనీ, నేను కాపీ కొట్టాననీ హైదరాబాద్ కంపెనీ ఒకటి కేసు వేసింది. ఓడితే ఈ పని మానుకోవాల్సిందే. వాళ్లు దరఖాస్తు పెట్టకముందే నేను రైతులకు ఈ పెట్టెలు బిగించాను మరి! "అప్పటిది ఒక్కటి చూపించండి భాయ్, కేసు నిలబడదు" అన్నాడు వకీలు. మిగిలింది ములకలపల్లిలో రైతు నర్సయ్య దగ్గరున్నదే. ఏ సంవత్సరం బిగించానో దాని మూత మీద నేనే పెయింటుతో రాశాను. ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచమని ఫోన్లో మరీ మరీ చెప్పాను.

ఈరోజు వెళ్తే, అది వాకిట్లో కుర్చీ మీద ఎర్రగా మెరుస్తోంది.

"ఏంది నర్సన్నా ఇది?"

"రంగేయించిన భాయ్. కోర్టుకు పోయే పెట్టె, గట్ల చిలుం పట్టి పోతదా? మన ఇజ్జత్ ఏం గావాలె?"

తల బాదుకోవాలనిపించింది. ఈలోగా వాళ్లావిడ కోడికూరతో అన్నం పెట్టేసింది. తింటుంటే నర్సయ్య, "మూత సూస్తివా?" అని పెట్టెను నా వైపు తిప్పాడు. ముత్యాల్లాంటి అక్షరాలతో నా పేరు రాయించాడు. నేను రాసిన సంవత్సరం రంగు కింద పోయింది; పెయింటర్ల అలవాటు కదా, పేరు కింద ఈ ఏడాది అంకె కూడా వేశాడు ఆ పెయింటర్.

"మంచిగున్నదా భాయ్?"

"మస్తుగున్నది" అన్నాను. ఇంకేమనను?

ఇప్పుడది నా బల్ల మీదే ఉంది. ఆ కంపెనీ వాళ్లు కూడా ఇంత మంచి సాక్ష్యం తయారు చేసుకోలేరు.