బామ్మగారి కుబుసం

సెప్టెంబరు 18, గురువారం.
ఈరోజు అయిన పనులు: పాము పెట్టె కడగడం, కప్ప తొట్టిలో నీళ్లు మార్చడం, రెండు బకెట్ల బట్టలు, బీరువా సర్దడం. మిగిలింది ఈ ఉత్తరం.

చెల్లీ,

మేం కులాసా. నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను. మీ బావగారి దగ్గు తగ్గింది. పాము సోమవారం మేత తిన్నది కాబట్టి రెండు రోజులు దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. కప్ప ఎప్పటిలాగే గుమస్తాలా మూలన కూర్చుంది.

ఇక బామ్మగారి సంగతి. నువ్వు బళ్లకు తీసుకెళ్లి చూపించే ఆ అరచెయ్యంత సాలీడుకి, నెమ్మదిగా నడుస్తుందని బడిపిల్లలు పెట్టిన పేరు ఎంత బాగా అతికిందో.

పదకొండు రోజుల క్రితం, బడిలో చూపించాక మూడు రోజులు నీ దగ్గరే ఉంచుకుని, దాని పెట్టె నా చేతిలో పెట్టావు. రంగు నిగనిగలాడుతోంది. ఎడమవైపు పొట్టిగా ఉండే కాలు నిండుగా ఉంది. నేను అడక్కముందే, కుబుసం విడిచిందన్నావు. కుబుసం విడిస్తే కాలు పెరుగుతుంది, రంగూ వస్తుంది. నమ్మాను. ఆ కుబుసం ఏదంటే, చెత్తలో ఊడ్చేశానన్నావు. ఏడేళ్లుగా దాని కుబుసాలన్నీ తేదీ రాసి డబ్బాల్లో దాచింది నేను. వాటిని పిల్లల అరచేతుల్లో పెట్టి మురిసింది నువ్వు. అలాంటిది ఊడ్చేశావట.

సాయంత్రం అలవాటు కొద్దీ ఒక మిడతను వదిలాను. రెప్పపాటులో పట్టి తినేసింది. మేత లెక్కల పుస్తకంలో రాయబోతే చెయ్యి ఆగింది. కుబుసం విడిచిన సాలీడుకి కోరలు మెత్తగా ఉంటాయి, వారం పది రోజులు మేత ముట్టదు. ఈ పాఠం నాకు చెప్పింది నువ్వే.

తొందరపడి నింద వెయ్యకూడదని ఇన్నాళ్లూ ఆగాను. బామ్మగారి బదులు నువ్వు పెట్టిన ఆ కొత్తదానికి మేత పెడుతూనే ఉన్నాను, దాని తప్పేముంది? కానీ మూత తీసినప్పుడల్లా పరాయి వాళ్ల గదిలో అడుగు పెట్టినట్టు ఉండేది.

నిన్న బడికి వెళ్లి టీచరమ్మను అడిగాను. ఆవిడ దాచలేదు. ఫోటో బాగా రావాలని నువ్వు నిలబడి, చెయ్యి భుజం దాకా ఎత్తావట. సాలీడు కిందపడి పొట్ట పగిలిందట. నేల మీద కూర్చునే చూపించాలి, జానెడు ఎత్తు దాటకూడదు అని మనిద్దరం కలిసే కదా రాసుకున్నాం.

పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. వచ్చి, "అక్కా, చంపేశానే" అని ఉంటే ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్లం. నా కళ్లలోకి చూస్తూ నన్ను వెర్రిదాన్ని చేశావు.

పాము, కప్ప ఇక నీతో రావు. వచ్చే వారం కార్యక్రమానికి నేనే తీసుకెళ్తాను. పదిమందిలో మాట్లాడటం నాకు రాదు. నేల మీద కూర్చోవడం వచ్చు.

ఇట్లు,
అక్క

తా.క. ఒక సంగతి పైన రాయలేకపోయాను. ఇంట్లో చూసుకునే ఆవిడ మేత సరిగ్గా పెట్టక అది నీరసించిందని, అందుకే పట్టు తప్పిందని నువ్వు క్లాసులో పిల్లలందరికీ చెప్పావట. ఆ ఆవిడ మీరేనా అని టీచరమ్మ మొహమాటపడుతూ అడిగింది. "అవునండీ, తప్పు నాదే" అన్నాను. మనుషుల మొహం చూడటం మానేసి నేను గదిలో పడి ఉన్న రోజుల్లో, బామ్మగారి పెట్టె తెచ్చి నా ఒళ్లో పెట్టి నన్ను మళ్లీ మనిషిని చేసింది నువ్వు. ఆ రుణం నిన్నటితో చెల్లు.