నీ మాట మీద పడిన నవ్వు

నా గిలక్కాయ్ చెల్లికి,

చెల్లెలు తన జబ్బు చెప్పుకుంటుంటే పొట్ట పట్టుకుని నవ్వినవాణ్ణి నువ్వింకా అన్నయ్యా అని పిలవగలవా? జవాబు తర్వాత చెబుదువుగాని, ముందు ఇది చివరిదాకా చదువు.

నిన్న సాయంత్రం ప్రార్థన హాల్లో టీవీ పెట్టించాను. పదేళ్లుగా టీవీ మీద నిప్పులు కక్కుతున్న నేనే. మీ కామెడీ సీరియల్ వాళ్లు డయాలసిస్ మిషన్ల కోసం విరాళాలు అడుగుతూ ప్రత్యేక ఎపిసోడ్ వేస్తున్నారని తెలిసింది. అది అవగానే దొంగ దానధర్మాల మీద ప్రసంగం దంచుదామని గ్రంథంలో కాగితం ముక్కలు పెట్టుకుని మరీ కూర్చున్నాను. సైకిళ్లకి పంక్చర్లు వేసుకుంటూ సొంతంగా వాక్యం నేర్చుకున్నవాణ్ణి, ఎవర్ని ఏకాలన్నా వచనం నాలుక చివరే ఉంటుంది.

నీ వేషం ఎప్పటిదే, లేని జబ్బులన్నీ ఉన్నాయనే మేనత్త. నువ్వు "నా మోకాలు" అంటే టీవీలో నవ్వు, "నా గుండె" అంటే నవ్వు. "బ్రదరూ, కోప్పడకండి గానీ మీ చెల్లెమ్మ ఘటికురాలండీ" అని మా సంఘంలో దర్జీ కళ్లు తుడుచుకున్నాడు. చివర్లో నువ్వు మావైపు తిరిగి, "నేనూ వారానికి మూడుసార్లు ఆ మిషన్ పక్కనే పడుకుంటున్నానండీ. ఇది వేషం కాదు" అన్నావు. మళ్లీ అదే నవ్వు. హాలంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేను నవ్వాను.

అప్పుడు నువ్వు జాకెట్టు చెయ్యి పైకి మడిచావు. సూదులు దిగి దిగి తాడులా ఉబ్బిన నరం.

విరాళాల నంబరుకి ఫోన్ చేశాను. ఎత్తినమ్మాయి ఏడుస్తోంది. "మాకూ ఇప్పుడే తెలిసిందండీ. రికార్డు నవ్వులు కలిపే ఆయన అలవాటుకొద్దీ ఆవిడ ప్రతి మాట వెనకా ఓ నవ్వు పెట్టుకుంటూ పోయాడు, అదీ వేషమే అనుకుని" అంది. ఆ మనిషిని నాలుగు దులుపుదామనుకున్నాను. నేను చేసిందీ అదేనని గుర్తొచ్చి ఫోన్ పెట్టేశాను.

ఎనిమిది నెలల కింద నువ్వు ఫోన్ చేసి, "అన్నయ్యా, ఒంట్లో అస్సలు బాగోడం లేదు" అంటే, "ఇది ఏ ఎపిసోడ్లో డైలాగమ్మా?" అన్నాను నేను. "బాగా పేల్చావు" అని పెట్టేశావు. ఆ రోజే నీ నంబరు చెరిపేశాను. లోకాన్ని వదిలేశానని ఆ వారం గొప్పగా సాక్ష్యం కూడా చెప్పాను. నీ తమ్ముడెక్కడని దేవుడు అన్నని నిలదీసిన ఆ అధ్యాయం ఎన్నిసార్లు గొంతు చించుకుని బోధించానో. అంతా ఎదుటివాళ్లకే.

పొద్దున్నే టీవీలో చూపించిన ఆస్పత్రికి వచ్చాను. మనిద్దరిదీ ఒకటే గ్రూపు, నా కిడ్నీ సరిపోతుందేమో చూడమన్నాను. నర్సు నీ కాగితాలు తిరగేసి నన్ను ఎగాదిగా చూసింది.

"తోబుట్టువులెవరూ లేరని ఆవిడే రాసిందే. మీరెవరండీ?"

నువ్వు ఒప్పుకుంటే తప్ప నా రక్తం బొట్టు కూడా తీసుకోరట.

ఈ వరండా బెంచీ మీదే కూర్చుని రాస్తున్నాను. దర్జీ దీన్ని నీ షూటింగ్ దగ్గరికి తెస్తాడు. క్షమించమని అడగను. తిట్టాల్సినవన్నీ దాచిపెట్టుకో, ఎదురుగా కూర్చుని తింటాను. డాక్టరు నాలుగింటిదాకానే ఉంటాడు. వేషం కడుక్కోకపోయినా ఫర్వాలేదు, దర్జీ ఆటో ఆపే ఉంచుతాడు, ఎక్కు. వచ్చి ఆ కాగితంలో తోబుట్టువుల గడిలో నన్ను రాయించు. రేపనకు. ఇవాళే రా.

నీ అన్నయ్య