వంద దాకా వచ్చిన లెక్క

మావా,

ఈ ఫిర్యాదు నీ మనవరాలు రాణి మీద. నాకు అక్షరం రాదు గనక దాని చేతే రాయిస్తున్నాను.

సముద్రం లేని ఈ ఢిల్లీలో మునగడం నేర్పుతారట. నిన్న ఇందిరాపురంలో ఇంటి నుంచి నన్నూ లాక్కుపోయి ఈతకొలను గట్టున కూర్చోబెట్టింది. వీపుకి సిలిండరు, కళ్లకి అద్దం, నోట్లో గొట్టం. నీళ్లలో ఊపిరి బిగబట్టనే కూడదని నేర్పేవాడు పదిసార్లు చెప్పాడు. నీకు వచ్చిన విద్యల్లా అదే కదా! నువ్వు సున్నం గుల్లల కోసం ఏట్లో మునిగితే నేను పడవలో లెక్కపెట్టేదాన్ని. నాకు వంద వరకే వచ్చు గనక వంద లోపే తేలాలని నీకు షరతు పెట్టాను.

పిల్ల మునిగింది. వంద అయినా తేలలేదు. మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టాను. మూడో వందకి లేచి అరిచాను.

"అమ్మాజీ, బైఠియే. సబ్ ఠీక్ హై," అని కూర్చోమన్నాడు ఆ నేర్పేవాడు.

ఏం ఠీకో! అరగంటకి తేలి నా మీదే విరుచుకుపడింది. "పరువు తీశావు నానమ్మా! వచ్చే నెల అండమాన్లో అసలు సముద్రంలోనే దిగుతాను."

"నానూ వస్తాను. పడవలో కూకుని లెక్కెడతాను."

"నీకు వందేగా వచ్చు?"

దానికి జవాబు ఇప్పుడు రాయిస్తున్నాను. మళ్లీ ఒకటి నుంచి మొదలెడతాను. నువ్వు తేలని రోజున చీకటి పడేదాకా అలాగే లెక్కపెట్టాను.

ఇక్కడికొచ్చేసరికి పిల్ల కలం ఆపేసింది. రాయవే అని కసిరితే, నాకూ టిక్కెట్టు తీస్తానంటోంది.

ఆ మాటేదో నిన్ననే అనొచ్చుగా!