తొమ్మిది నిమిషాల నలభై సెకన్లు

ఫార్మింగ్టన్ హిల్స్, మిషిగన్
1979 జూన్ 11, సోమవారం

చిరంజీవి జగదీష్‌కు దేవకుమారి టీచరు ఆశీస్సులు.

కాలిఫోర్నియా వెళ్తూ మా పక్కనున్న నీ ఇంటిని అద్దెకిచ్చావు, వాళ్ళెవరో విచారించే ఇచ్చావా? పెరూ దేశం నుంచి వచ్చిన ముగ్గురు కాలేజీ విద్యార్థులన్నావు. వాళ్ళు పుస్తకం పట్టగా నేను చూడలేదు. నీ గ్యారేజీలో రామీరోకు గిటారు, ఎసెకియేల్‌కు బేస్ గిటారు, వాల్టర్‌కు మంచమంత డ్రమ్ములు. బ్యాండు పేరు ‘సాల్ వియోలేటా’. ఊదారంగు ఉప్పు అని అర్థమట. ఉప్పుకు ఆ రంగెందుకని అడిగితే ముగ్గురూ నావంక జాలిగా చూశారు.

సైకెడెలిక్ రాక్ అట. గిటారు ఒకసారి మీటితే పదకొండుసార్లు వినిపిస్తుంది. లెక్కపెట్టాను. కుట్టుమిషన్‌ను నూతిలో ముంచి తొక్కినట్టుంటుంది. రంగునీళ్ళ దీపం ఒకటి తిప్పుతారు. దాని దయవల్ల మా వంటింట్లో ఇడ్లీలు ఒక నిమిషం పచ్చగా, ఒక నిమిషం ఎర్రగా ఉంటున్నాయి. మనవలిద్దరూ ఎక్కాలు కూడా ఆ దరువుకే చదువుతున్నారు. మా సామ్యూల్ మాత్రం “పోనీలే అమ్మా” అంటాడు. వాడికేం, పగలంతా కార్ల ఫ్యాక్టరీలో ఉంటాడు. అక్కడ ఇంతకంటే ప్రశాంతం.

ఇట్లు, కోపంతో,
దేవకుమారి

తా.క. అసలు సంగతి ఇది. చప్పుడు నేను భరిస్తాను. వాళ్ళది ఒక్కటే పాట. ఫిబ్రవరి 19 నుంచి నిన్నటిదాకా 212 సార్లు మొదలుపెట్టారు. ఒక్కసారీ పూర్తిచేయలేదు. సరిగ్గా తొమ్మిది నిమిషాల నలభై సెకన్ల దగ్గర ఆగి, స్పానిష్‌లో పోట్లాడుకొని, మళ్ళీ మొదటికి వస్తారు. మొదలుపెట్టిన పని ముగించనివాళ్ళను నేను సహించను. ఇంటి యజమానివి కాబట్టి పాట పూర్తిచేయమని గట్టిగా ఒక ముక్క రాయి. ఆపమని కాదు.

మరో తా.క. నీ ఇంటి కింద బేస్‌మెంట్‌లో పైపు కారుతోంది. నిమిషానికి పన్నెండు చుక్కలు.

*

డబ్లిన్, కాలిఫోర్నియా
జూన్ 18

పూజ్యులు టీచరుగారికి జగదీష్ నమస్కారాలు.

కవరు మీద మీ చేతిరాత చూడగానే లేచి నిలబడ్డానండీ. మొదటి పేజీకే నా బ్లడ్ ప్రెషర్ పెరిగిపోయింది. ఇడ్లీలు ఎర్రబడటమేమిటండీ! “వెనకపక్క ఇంకా ఉంది, చదవండి” అని మా ఆవిడ నళిని అంటూనే ఉంది, నేను ఆగితేనా? వెంటనే టెనెంట్స్‌కి స్ట్రాంగ్ లెటర్ టైప్ చేసి పోస్ట్ చేశాను. ఇకనుంచి గ్యారేజ్‌లో మ్యూజిక్ టోటల్‌గా బంద్. మీరు హాయిగా రెస్ట్ తీసుకోండి.

మీ విధేయ విద్యార్థి,
జగదీష్

తా.క. మీరు పక్కనుండగా నా ఇంటికేం భయం!

*

ఫార్మింగ్టన్ హిల్స్
జూన్ 25

జగదీష్‌కు,

ఈ ఉత్తరంలో ఆశీస్సులు లేవు.

ప్రశ్న పూర్తిగా చదవకుండా జవాబు రాసే జబ్బు నీకు ఏడో తరగతి నుంచీ ఉంది. అశోకుడు యుద్ధం ఎందుకు మానాడని అడిగితే, ఎలా చేశాడో నాలుగు పేజీలు రాశావు. సున్నా వేశాను. ఇప్పుడూ సున్నాయే.

నీ ఉత్తరం పట్టుకొని ముగ్గురూ మా గుమ్మంలో నిలబడ్డారు. “మేడమ్, మీరేనా?” అన్నాడు రామీరో. నా అరవై ఎనిమిదేళ్ళలో ఎవరూ నన్నలా చూడలేదు. వాళ్ళ వీసాలు సెప్టెంబరు 30తో సరి. తరువాత రామీరో లీమాలో తండ్రి మందుల షాపులో కూర్చుంటాడు, ఎసెకియేల్‌కు పెళ్ళి, వాల్టర్‌ను సైన్యం పిలిచింది. ఎనిమిది నెలలు నిండకుండానే ఆ బ్యాండు పని అయిపోతుంది. ఈలోగా పాట పూర్తికాకపోతే ఇక ఎప్పటికీ కాదు. సగం పాట నా చెవిలో వదిలేసి వాళ్ళు విమానమెక్కుతారా? నేనొప్పుకోను. నీ ఉత్తరం తక్షణం వెనక్కి తీసుకో.

దేవకుమారి

తా.క. ఫోన్ చేయమంటాడు సామ్యూల్. ఫోన్‌లో నువ్వు ఎదుటి మనిషిని హలో కూడా పూర్తిగా అననివ్వవు.

మరో తా.క. పైపు ఇప్పుడు నిమిషానికి ముప్పై అయిదు చుక్కలు. రామీరో బకెట్ పెట్టాడు. ఆ టపటప బాగుందని పాటలో చేర్చుకుంటానంటున్నాడు. వద్దన్నాను.

*

డబ్లిన్
జూలై 2

టీచరుగారికి అనేక నమస్కారాలు, క్షమాపణలు.

“సున్నా” దాకా చదివానండీ, ఆ తరువాత కళ్ళు కనబడలేదు. నాకు అర్థమైంది. ఉత్తి వార్నింగ్‌తో సరిపెట్టడం నా తప్పే. అందుకని లాయర్‌తో మాట్లాడి ఏకంగా ఇల్లు ఖాళీ చేయమని నోటీస్ పంపించాను. ఆగస్ట్ 31 లాస్ట్ డేట్. ఈసారైనా పాస్ మార్కులు వేయండి.

మీ జగదీష్

తా.క. సున్నా సంగతి నళినికి చెప్పలేదు. తను నేను ఫస్ట్ క్లాస్ స్టూడెంట్‌ననుకుంటోంది.

*

ఫార్మింగ్టన్ హిల్స్
సెప్టెంబరు 8, శనివారం

చిరంజీవి జగదీష్‌కు దేవకుమారి టీచరు ఆశీస్సులు.

నీ అద్దెవాళ్ళు చెప్పిన రోజుకే ఖాళీ చేశారు. నీ గ్యారేజీ శుభ్రంగా ఉంది. ఈ ఉత్తరం నీకు అందేసరికి మా వీధి కూడా నిశ్శబ్దంగా ఉంటుంది. చాలా సంతోషం. నళినిని అడిగానని చెప్పు.

ఇట్లు,
దేవకుమారి

తా.క. నువ్వు ఇక్కడితో ఆపేస్తావని తెలుసు. అందుకే తిట్లన్నీ ఇక్కడ రాస్తున్నాను. తొందరపాటు వెధవా! ఇంకొక్క నెల ఆగలేకపోయావా? మళ్ళీ రాస్తే ఈసారి పోలీసులను పంపుతావేమోనని ఇన్నాళ్ళూ నీకు రాయలేదు. నువ్వు వెళ్ళగొట్టాక డ్రమ్ములు మా గ్యారేజీలో దింపించాను. సామ్యూల్ కారు వానకు తడుస్తోంది. ఇదివరకు చప్పుడు పక్కింటి నుంచి వచ్చేది, ఇప్పుడు నా మంచం కింద నుంచి వస్తోంది. లెక్క 348కి చేరింది. అయినా అదే తొమ్మిది నిమిషాల నలభై సెకన్లు! ముగ్గురినీ వరసగా నిలబెట్టి తప్పెవరిదని అడిగాను. ఒక్కొక్కడూ మిగతా ఇద్దరినీ చూపించాడు.

ఓక్లండ్‌లో ఎసెకియేల్‌కు తెలిసినవాళ్ళ స్టూడియో ఉంది. సెప్టెంబరు 27న ఒక్క రోజు ఇస్తారట. నీ ఊరు అక్కడికి దగ్గర. అక్కడి నీ కొత్త గ్యారేజీ పెద్దదని ఇదివరకు నువ్వే గొప్పలు రాశావు. అడ్రసు ఇచ్చి పంపుతున్నాను. 16వ తేదీకి చేరుతారు. వాల్టర్‌కు పాలు పడవు.

మరో తా.క. నీ బేస్‌మెంట్‌లో చుక్కలు లెక్కపెట్టడం మానేశాను. ఇప్పుడు ధార. ఇల్లు తాళం, తాళంచెవి వాళ్ళు నీకే పోస్టు చేశారు. కిటికీలోంచి చూస్తే నీ పాత సోఫా కదులుతోంది.

*

డబ్లిన్
సెప్టెంబర్ 16, ఆదివారం

పూజ్యులు టీచరుగారికి జగదీష్ నమస్కారాలు.

మీరు నాతో “సంతోషం” అనడం ఇదే మొదటిసారి. ఆ లైన్ నళినికి రెండుసార్లు చదివి వినిపించాను. ఇంకేం చదవాలనిపించలేదు. అంతా శాంతంగా ముగిసింది కదా, నాకదే చాలు.

మీ జగదీష్

తా.క. డోర్‌బెల్ మోగుతోంది. ఊదారంగు వ్యాన్ ఒకటి మా డ్రైవ్‌వేలో ఆగింది. ఎవరో రాంగ్ అడ్రస్‌కి వచ్చినట్టున్నారు. పంపించేసి వచ్చి కవరు అంటిస్తాను.

రెండో తా.క. ఈరోజు సెప్టెంబర్ 30. కవరు ఇంకా అంటించలేదు. ఆ రోజు వ్యాన్ దిగిన వాల్టర్, మీరు లెక్క రాసుకున్న నోట్‌బుక్, మీ చీటీ నా చేతిలో పెట్టాడు. చీటీలో ఒక్క లైనే కాబట్టి పూర్తిగా చదివాను: “లోపలికి రానీ. లెక్క 349 నుంచి నువ్వు రాయి.” రాశానండీ. వారం రోజులు గ్యారేజ్‌లో కూర్చొని విని విని, ఆ తప్పు నాకు దొరికింది. అక్కడ బేస్ గిటార్ ఒక ప్రశ్న అడుగుతుంది. అది పూర్తికాకముందే వాల్టర్ జవాబు కొట్టేస్తున్నాడు. మిగతా ఇద్దరూ దారి తప్పుతున్నారు. ఆ జబ్బు నేను గుర్తుపట్టకపోతే ఇంకెవరు గుర్తుపడతారు? 26న తొమ్మిది నిమిషాలు దాటగానే లేచి, వాల్టర్ ఎదురుగా నిలబడి, మీలాగే వేలు చూపించి “వెయిట్!” అని అరిచాను. ఆగాడు. 388వ సారి పాట పూర్తయింది. పద్నాలుగు నిమిషాల ఎనిమిది సెకన్లు. మర్నాడు స్టూడియోలోనూ ఆగకుండా వచ్చింది. ఈ ఉదయం ముగ్గురినీ ఎయిర్‌పోర్ట్‌లో దింపాను. బ్యాండ్ అయిపోయింది. టేపు మీకు పంపుతున్నాను. చివరి నాలుగున్నర నిమిషాలు మీకోసమేనని రామీరో చెప్పమన్నాడు.

మూడో తా.క. టేపుతోపాటు నోట్‌బుక్ కూడా సర్దుతూ, బుద్ధి తెచ్చుకొని, మీ ఉత్తరాలు మూడూ తీసి మొదటిసారి చివరిదాకా చదివాను. టీచరుగారూ, సోఫా కదలడమేమిటండీ?