తెల్లగుడ్డ పరిచిన బల్ల

కువైట్, ఆగస్టు 1990

వదినకు నమస్కారం.

ఈ ఉత్తరం నిజామాబాద్ భూమేశ్ చేతికి ఇస్తున్నాను. అతను బాగ్దాద్ మీదుగా ఇండియాకు పోతున్నాడు. ఇరాక్ సైన్యం వచ్చినప్పటి నుంచి ఇక్కడ టపా నడవడం లేదు.

మనవాళ్లు ఇక్కడ పస్తులుంటున్నారని రేడియోలో విని ఉంటారు. అది నిజమే. నాకు గంగాదేవి గురించే భయంగా ఉంది. మా పెళ్లయిన కొత్తలో నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు నేను అన్నం తినేదాకా తనూ ముట్టలేదు. ఇప్పుడూ ఒక్కపొద్దులు పట్టి ఉంటుంది. ఏడో నెల కడుపుతో అది మంచిది కాదు.

నేను తింటున్నానని ఊరికే చెబితే నమ్మదు. అందుకే సిగ్గు విడిచి రాస్తున్నాను. నేను గిన్నెలు కడిగే ఫ్రెంచి హోటలు యజమాని దేశం విడిచి పోయాడు. కరెంటు లేక సరుకు చెడిపోతోంది. నిన్న మధ్యాహ్నం ఈజిప్టు వంటమనిషి నన్ను తెల్లగుడ్డ పరిచిన బల్ల దగ్గర కూర్చోబెట్టి, "యల్లా, కానివ్వు, ఈరోజు షేక్‌వి నువ్వే. తిన్నాక పళ్లెం కడిగేదీ నువ్వే" అన్నాడు. వెన్నలో వేయించిన చేప, క్రీము పోసిన కోడికూర తిన్నాను. మారు కూడా వేయించుకున్నాను. ఎదురుగా రొట్టెల కోసం నిలబడిన వరుస కిటికీ అద్దంలోంచి కనబడింది. అందులో భూమేశ్ ఉన్నాడు. లేచిపోయి పరదా లాగి, మళ్లీ వచ్చి కూర్చున్నాను. ఈ సంగతి అతనికి తెలియదు.

ఇదంతా గంగాదేవికి చదివి వినిపించు. ముందు సంగటి వడ్డించి, ఆ తర్వాత చదువు. నన్ను తిట్టుకుంటూనైనా తింటుంది.

నీ మరిది